బీడు మీటర్లు

శుక్రవారం నాకు సెలవు.
సెలవునాడు కూడా టవరే ఎక్కుతాను.

వారమంతా ఎక్కేవి కంపెనీ టవర్లు,
సూర్ నుంచి కల్హాత్ దాకా, ఫోన్ల కోసం.
ఇది మాత్రం ఖల్ఫాన్ మేడమీది ఇనుప నిచ్చెన.
అరవై అడుగులు.
ప్రతి బోల్టునీ సముద్రపు ఉప్పు నాకేసింది.
కింద ఆయన మెడ వెనక్కి విరిచి
"ఎడమకి, ఇంకొంచెం, బస్, బస్" అంటాడు.
ఆయన హిందీ బొంబాయి ఓడల్లో నేర్చింది,
నాది లేబర్ క్యాంపులో.
రెండూ కలిసి ఒక యాంటెన్నాని తిప్పగలవు.

నాకు లైసెన్సు లేదు.
"చెవికి లైసెన్సేమిటి, కూర్చో" అన్నాడు.
అలా విన్నాను మొదటిసారి:
ఇసుక జల్లెడ పడుతున్నట్టు హోరు,
ఆ హోరులో రేకుమీద పిచ్చుక ముక్కు.
ఆయన కళ్ళు మూసుకుని "జాంజిబార్" అన్నాడు,
పోపు వాసన పట్టి ఎవరింటిదో చెప్పినట్టు.

గాలికీ కొలతలుంటాయని అప్పుడే తెలిసింది.
ఇరవై మీటర్లు, నలభై మీటర్లు, ఎనభై.
మాకు గుంటలు, వీళ్ళకి మీటర్లు.
గెట్టు రాళ్ళే కనపడవు.

మగ్రిబ్ నమాజు తర్వాత క్లబ్బులో మీటింగు.
కారే ఏసీ కింద బకెట్టు.
ఏడుగురు. అందరిలోకీ చిన్నవాడికి అరవై రెండు.
ఖల్ఫాన్ మనవరాలు రయ్యా లాప్‌టాప్ తెరిచింది.
ఏ చెవికీ అందని లోతులోంచి, హోరు అడుగునుంచి,
అర్జెంటీనాలో ఎవరిదో పేరు
నీలంగా తెరమీదికి తేలింది.

"ఇందులో నువ్వు చేసిందేముంది?" అన్నాడు నసీబ్,
ముప్పై ఏళ్ళు ఓడల్లో కీ కొట్టినవాడు.
"పెళ్ళికి కారుని పంపి
మనం ఇంట్లో కూర్చున్నట్టుంది."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ పిల్ల నవ్వలేదు. చిట్టా పుస్తకం తిప్పింది.
"పోయిన నెల ఈ బ్యాండుమీద
మన ఊరినుంచి ఎవరు పిలిచారు?"
ఖాళీ గీతలు.
"కంపెనీలు అడుగుతున్నాయి, తాతా.
ఎవరూ వాడట్లేదుగా అంటే ఏం చూపిద్దాం?
మన పరువా?"

బకెట్టులో చుక్క పడింది.

దున్నేటోడిదే భూమి అని
గోడలమీద రాసిన ఊరు మాది, కథలాపూర్ పక్కన.
పెద్దబాపుకి ఎకరం ముప్పై గుంటలు.
అందరూ పసుపుకి మారారు.
"జొన్నలేసిన భూమిల పసుపేందిరా" అని పంతం పట్టాడు.
జొన్న కొనేవాడు లేడు, పసుపు వెయ్యడు.
మూడేళ్ళు బీడు.
నాలుగో ఏడు గొలుసు పట్టుకుని వచ్చారు.
కాయితం ఉందన్నాడు.
దున్నిన చాలేదీ అన్నారు.
ఇప్పుడక్కడ సెల్ టవరు.
నా పెళ్ళాం మాట దాని మీదుగానే నాకు చేరుతుంది.
తిట్టడానికి నోరు రాదు.

ఇదంతా ఆ ఏడుగురికీ ఏ హిందీలో చెప్పను?
పైగా వీళ్ళ మీటర్లు అడుగుతున్నది
నేను వారమంతా ఎక్కే టవర్లే.
ఖల్ఫాన్‌కి తెలుసు. ఒక్కరోజూ అనలేదు.

మీటింగు "మళ్ళీ చూద్దాం" దగ్గర ఆగింది.
మెట్లు దిగుతూ ఆయనే అన్నాడు:
"మా నాన్న చుక్కల్ని చూసి ఓడ నడిపాడు.
నేను కీ పట్టిన రోజు అడిగాడు,
ఆకాశం ఉండగా ఈ టిక్కుటిక్కులెందుకని."
ఆ తర్వాత ఇల్లొచ్చేదాకా మాట్లాడలేదు.

ఈ శుక్రవారం ఇంకో కేబుల్ చుట్ట చేతికిచ్చాడు.
"రయ్యాకి" అన్నాడు,
కరెంటు బిల్లు గురించి చెప్పినంత మామూలుగా.
కీ మాత్రం బల్లమీదనే ఉంది,
ఇత్తడి తళతళా తుడిచి.

పైన పాత బిగింపు రావట్లేదు. తుప్పు.
సుత్తి తీశాను.
"కొట్టకు!" కిందనుంచి కేక.
"నూనె వేసి ఆగు."

ఆగాను.
దూరంగా అయ్‌జా లైట్‌హౌస్,
ఖోర్ నీళ్ళలో ఒరిగిన చెక్క పడవలు,
వాటి మీదుగా కంటికానినంత గాలి,
మీటర్లకి మీటర్లు.
నూనె ఇంకుతోందో లేదో
ఇక్కడినుంచి తెలియడం లేదు.